మూడు ఐదులు, ఒక ఒకటి

ఆ రోజు పంజగుట్టలోని ఆ ఫ్లాటులో ఉన్నది ముగ్గురు. మంచం పట్టిన లెక్కల మాస్టారు కృష్ణమోహన్, ఆయన కోడలు అరుణాదేవి, మాస్టారిని చూసుకోడానికి అక్కడే ఉండి పనిచేసే చంద్రమ్మ. చంద్రమ్మ కూతురు రవళి ఊరి నుంచి బస్సెక్కి, అమీర్‌పేటలో దిగి, దారి అడుగుతూ వచ్చి గుమ్మం బయట నిలబడింది.

"ఇలా చెప్పాపెట్టకుండా వస్తే ఎలా అమ్మాయ్?" అంది అరుణాదేవి. "పనివేళల్లో ఇంటికి ఫోన్లే ఒప్పుకోను నేను. మావయ్యగారిచ్చే లెక్కకి నీ చేత జవాబు చెప్పించడానికంటే రోజూ నాలుగింటికి ఒక్క ఫోన్ చేసుకోనిస్తున్నా. సరే, నాలుగవుతోంది. ఆ జవాబేదో ఇక్కడే చెప్పేసి వెళ్ళు."

చంద్రమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఏమన్నా తిన్నావా అని అడుగుతుందేమోనని రవళి ఆశగా చూసింది.

"మూడు ఐదులు, ఒక ఒకటి. అన్నీ వాడి ఇరవై నాలుగు తేవాలె."

రోజూ ఫోన్లో కూడా ఇంతే. నాలుగు అంకెలు, జవాబు, కట్.

"ఎట్లున్నవని సుత అడగవా అమ్మా?"

"మేడం చూస్తున్నది. లెక్క చూడు బిడ్డా."

"చెప్పకుంటే ఏమైతది?"

"ఏమైతది? సారు ఇంకో మనిషిని తెచ్చుకుంటడు."

అమ్మ బదులు ఇంకో మనిషి అనుకుంది రవళి. అయితే అమ్మ ఇంటికొచ్చేస్తుంది! ఆరింటి బస్సుకే. రాత్రి పక్కనే పడుకుంటుంది. పొద్దున్నే జడ వేస్తుంది.

జవాబు అప్పటికే తట్టింది. ఒకటిని ఐదుతో భాగించి, దాన్ని ఐదులోంచి తీసేసి, మిగిలిందాన్ని ఐదుతో గుణించాలి.

"రాదు," అంది తల వంచుకుని.

"జర నిమ్మళంగ ఆలోచించు. తొందరేం లేదు."

"ఎంత ఆలోచించినా రాదు. లెక్కలన్నీ మర్సిపోయిన."

"ఇక చాల్లే చంద్రమ్మా," అంది అరుణాదేవి. "మావయ్యగారి టీ వేళైంది."

చంద్రమ్మ లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ సంచి సర్దుకుని ఎప్పుడొస్తుందా అని రవళి గుమ్మానికి అతుక్కుని నిలబడింది. లోపలి నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

"చెప్పలేకపోయిందా? నా పుస్తకంలో అన్ని లెక్కలుంటే పోయి పోయి దాన్నే ఏరావేంటి చంద్రమ్మా? నిన్నటిలా సులువుది ఇవ్వాల్సింది."

"సులువుదైతే నిమిషంల చెప్పి పోతది సార్. గట్టిదిస్తే, అది ఆలోచించినంతసేపు మొఖం చూసుకోవచ్చని..."

"అమ్మా! వచ్చు! నాకొచ్చు!" రవళి గడప మీద అడుగు వేసింది.

ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని అరుణాదేవి తలుపు మూసేసింది.