పదహారేళ్ల బాలింత

"మిమ్మల్నీ మీ అబ్బాయినీ జైల్లో పెట్టించకపోతే నా పేరు మాణిక్యమే కాదు వదినగారూ!"

అమలాపురం ఆసుపత్రి వరండాలో మాణిక్యం వియ్యపురాలి మీద విరుచుకుపడింది. లోపల ఆమె కూతురు దుర్గాశ్రీ, పదహారేళ్ల పిల్ల, బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, ఎలాగో కాన్పై అప్పుడే కళ్లు తెరిచింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కిలోంబావు కూడా లేదు. అద్దాలపెట్టెలో ఎగశ్వాసతో కొట్టుకుంటోంది.

డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఇంత చిన్న వయసులో కాన్పంటే తల్లికీ బిడ్డకీ గండమేనమ్మా. పోలీసులకి చెప్పేం, వస్తున్నారు."

"ఆయ్, రానివ్వండి!"

మాణిక్యం కొంగు బిగించి కూతురి మంచం దగ్గరికెళ్లి నుదురు నిమిరింది. "నీ ఉసురు పోసుకున్నవాళ్లని వదలనమ్మా. పోలీసులకి అన్నీ చెప్పు."

"చెప్తానమ్మా." దుర్గాశ్రీ గొంతు పీలగా ఉన్నా చూపు మాత్రం తల్లి మీదే నిలిచింది. "టెన్త్ పాసయ్యేను, చదువుకుంటానని నీ కాళ్లు పట్టుకున్నాను. మస్కట్ సంబంధం తప్పిపోతుందని నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేసింది మా అత్తగారు కాదు కదా."

మాణిక్యం చెయ్యి కూతురి నుదుటి మీదే ఆగిపోయింది.

దుర్గాశ్రీ ఆ చేతిని తీసి పక్కన పెట్టింది.

"ముందు నీ పేరే చెప్తాను."