డయానా ఉపవాసాలు

పోయిన నెల జ్వరంతో చనిపోయిన మా డయానాకి పటమట చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు గారు మైకులో ఒకటే పొంగిపోవడం.

"తొమ్మిదేళ్ల పిల్లండీ! వారానికి మూడు ఉపవాసాలు! పెద్దోళ్లం, మనకి సిగ్గుండాలి!"

అందరూ స్తోత్రం అన్నారు. కడుపు నిండా టిఫిన్లు తినొచ్చిన స్తోత్రాలు.

ఇసుక దొరక్క మా ఆయనకి తాపీ పని ఆగిపోయిన ఏడాదిలోనే ఆ ఉపవాసాలన్నీ. ముగ్గురమున్న ఇంట్లో, కుండలో ఇద్దరికే అన్నం ఉన్న రోజునే దానికి భక్తి పుట్టేదని ఈ మహానుభావులకి తట్టనే లేదు.

"ఎంత పెంపకమండీ మీది, సంపూర్ణమ్మ గారూ!" అంది పక్కనామె.

పెంపకమా? "ఇయ్యాల నాకు ఉపవాసమే, నువ్వు తినమ్మా" అని అది కంచం నా ముందుకు తోసేది. వండినదాన్ని, నాకు తెలియదా? తెలిసే తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, దాని భక్తి గురించి వీధంతా చెప్పుకొచ్చిందీ నేనే.