ముప్పయ్యో ప్రోగ్రామ్

దొంగ దొరికింది. లెక్చరర్‌కు కోపం రావాల్సింది, సంతోషం వచ్చింది. రేపో ఎల్లుండో కమిటీ వస్తుందనగా దొరికింది మరి.

ఆయన్ను పిల్లలు చాటుగా ‘సెమికోలన్ సార్’ అంటారు. ప్రోగ్రామ్‌లో వరుస చివర ఒక్క సెమికోలన్ మరిచిపోతే రెండు మార్కులు కోసే మనిషి. అలాంటాయనకి నెల క్రితం ప్రిన్సిపాల్ ఒక పని అప్పగించాడు. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ పాఠాల్లోనే వైవిధ్యం విలువ నేర్పాలట. కాలేజీకి గుర్తింపునిచ్చే కమిటీకి ఈ ఏడు అదంటే మోజట. కమిటీ మెచ్చితే విభాగాధిపతి కుర్చీ ఆయనదే. ఆ మాట చెవిన పడగానే లెక్చరర్‌కు వైవిధ్యం మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

పాపం, బాగానే బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. క్లాసులో ముప్పై మంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ ఊరు, ఏమిష్టం, దేనికి భయం, అన్నీ చీటీల మీద రాయించాడు. ఆ ముప్పై మందినీ ఆరు జట్లుగా విడగొట్టే ప్రోగ్రామ్ రాయాలి. ఏ జట్టులోనూ ఒకే రకంవాళ్ళు పోగవకూడదు. ఎవరి ప్రోగ్రామ్ వాళ్ళ సొంత పద్ధతిలో ఉండాలి, ఇంకొకరిని పోలితే సున్నా అని హెచ్చరించాడు. తన జవాబును మాత్రం కంప్యూటర్లో పాస్‌వర్డ్ వెనక దాచుకున్నాడు.

వారం తిరిగేసరికి ముప్పై ప్రోగ్రాములూ చేతికొచ్చాయి. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే ఆయన కళ్ళు చెమర్చాయి. ఒకడు మనుషుల్ని పేకముక్కల్లా పంచాడు. ఇంకొకడు భయాల్ని బట్టి వరుస పెట్టాడు. ఒకమ్మాయి జాబితాను చివరి నుంచి మొదటికి చదివింది. మౌస్ ఎటువైపు పట్టుకోవాలో తెలియనివాడు కూడా ఒక్క సెమికోలన్ వదలకుండా రాశాడు. పదిహేనేళ్ళ సర్వీసులో ఎరగని వింత. ఇదంతా వైవిధ్యం మహిమేనని ఆయన నిర్ణయించుకున్నాడు.

ఒక్కటి తప్ప. చివరి బెంచీలో ఒంటరిగా కూర్చునే దర్జీ కూతురి ప్రోగ్రామ్, దాచుకున్న ఆయన జవాబుతో నూటికి తొంభై ఆరు పాళ్ళు కలిసింది.

ఆయన ఆ అమ్మాయిని గదికి పిలిపించాడు. నిద్రలేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తప్పు చేసినవాళ్ళకు నిద్రెలా పడుతుందిలే అనుకున్నాడు.

“నా కంప్యూటర్ ఎలా తెరిచావు?”

“తెరవలేదు సార్. మీరు క్లాసులో చెప్పినట్టే రాశాను.”

“నేను చెప్పినట్టు ఇంతవరకూ ఒక్కరూ రాయలేదమ్మా. నువ్వు రాశావంటే నమ్మమంటావా?”

ఆయన వెళ్ళి క్లాసులో ఆమె దొంగతనం చాటించాడు. మిగతా ఇరవై తొమ్మిది మందీ నేలచూపులు చూశారు. ఆ మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కరే, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన గదికొచ్చి ఈసారికి ఆ అమ్మాయిని వదిలెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డారు. ఆమె పక్కన ఏనాడూ కూర్చోనివాళ్ళే అందరూ. ఒక్క అసైన్‌మెంట్‌తో తోటి మనిషి మీద ఇంత జాలి పుట్టించగలిగినందుకు ఆయన తనను తానే మెచ్చుకుని, కమిటీకిచ్చే నివేదికలో ఆ సంగతినీ ఒక పేరా చేశాడు.

కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు. ముగ్గురూ ఒకే కాలేజీలో చదివారు, ఒకే రంగు కోట్లు తొడిగారు, ఒకే చోట నవ్వారు. వైవిధ్యానికి మార్కులు వెయ్యడానికి వాళ్ళను మించినవాళ్ళు దొరకరు. ఇరవై తొమ్మిది ప్రోగ్రాములూ చూసి మురిసిపోయారు. ఇక్కడితో ఆగితే లెక్చరర్‌కు కుర్చీ ఖాయమయ్యేదే. కానీ తమ కాలేజీలో నీతికి కూడా లోటు లేదని చూపించాలనిపించి, దొంగను ప్రవేశపెట్టాడు.

ప్రిన్సిపాల్ బల్ల మీద అడ్మిషన్ రద్దు కాగితం సిద్ధంగా ఉంది. తండ్రి సంతకం ఒక్కటే బాకీ. కుట్టుమిషన్ మీంచి లేచి వచ్చిన దర్జీ, మెడలో టేపు తియ్యడం కూడా మరిచిపోయి గోడవారగా నిలబడ్డాడు.

“మా పిల్ల ఒకరిది ముట్టదండీ,” అన్నాడు. “జానెడు గుడ్డ మిగిలినా, వాళ్ళది వాళ్ళకిచ్చెయ్యి నాన్నా అంటుంది.”

అందరూ అలాగే అంటారని లెక్చరర్ పెన్ను చేతికిచ్చాడు. ఎంత సన్నని సూదికైనా ఒక్క ఊపున దారం ఎక్కించే ఆ చెయ్యి సంతకం పెట్టాల్సిన చోటు దొరక్క కాగితమంతా తడుముకుంది. దొంగ అన్నా ఆ అమ్మాయి పడింది, క్లాసంతా చూస్తున్నా నోరు మెదపలేదు. నాన్న చెయ్యి అలా తడుముకోవడం మాత్రం చూడలేకపోయింది.

కమిటీలో పెద్దాయనకు చివరిగా ఒక సందేహం వచ్చింది. “క్లాసంతా ఇరవై తొమ్మిది రకాలుగా ఆలోచించిందే, అందరిలా నీకూ ఒక సొంత పద్ధతి తట్టలేదా అమ్మా?” అని జాలిగా అడిగాడు.

అమ్మాయి నాన్న చేతిలోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

“వాళ్ళ ఇరవై తొమ్మిదీ ఒకదానిలా ఒకటి లేకుండా నేనే రాసిచ్చాను సార్, నా వంతు వచ్చేసరికి లెక్చరర్ గారి పద్ధతొక్కటే మిగిలింది.”