పన్నెండు నిమిషాలు

"నేను ఆ పరీక్ష మళ్ళీ రాయను నాన్నా. ఇంక ఆ మాట ఎత్తకు."

వాచీల రిపేరు షాపులో స్టూలు మీద కూర్చుని కూతురు తెగేసి చెప్పింది. నాన్న కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరిదో వాచీ విప్పి పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

"ఐదింటికి గడువు అయిపోతుంది. ఫారమంతా నింపేశాను. ఫోన్లో నువ్వా ఒక్క బటన్ నొక్కితే చాలు."

"మళ్ళీ రాస్తే పాత మార్కులు చెల్లవు. తగ్గాయనుకో, ఇప్పుడొచ్చే కాలేజీ కూడా చేజారిపోతుంది."

"ఎందుకు తగ్గుతాయి? నువ్వు కోరుకున్న కాలేజీకి మూడంటే మూడు మార్కులు తక్కువ. ఆరు ప్రశ్నలు ముట్టుకోకుండా వచ్చేశావు. వాటికి జవాబులు రావా?"

"వచ్చు. టైము చాలలేదంతే."

టైము చాలలేదన్న మాట నిజమే. ఎందుకు చాలలేదో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ హాల్లో గోడ గడియారం లేదు. చివరి గంట మోగినప్పుడు ఆమె చేతి వాచీలో ఇంకా పన్నెండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఆ వాచీ నాన్న చేసింది. మూడు పాత వాచీల్లోంచి మంచి భాగాలు ఏరి, ఆదివారాలన్నీ ఈ బల్ల ముందే కూర్చుని, కూతురి పరీక్ష కోసమని ప్రత్యేకంగా చేశాడు. పరీక్ష రోజు పొద్దున తన చేత్తోనే కట్టి, "ఇంక నీకు ఢోకా లేదు పో" అన్నాడు. అలాంటి మనిషితో, నీ వాచీయే నన్ను ముంచింది నాన్నా అని ఏ నోటితో చెబుతుంది? అందుకే తిరిగి రాగానే విప్పి, కిక్కురుమనకుండా ఈ బల్ల మీద పెట్టేసింది.

మళ్ళీ రాస్తే మళ్ళీ అదే వాచీ కడతాడు. వద్దంటే ఎందుకంటాడు. అసలు రాయకపోతే ఏ గొడవా ఉండదు.

ఇంతలో బస్సు డ్రైవరొకాయన వచ్చి, బాగుచేసిన తన వాచీ తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని మురిసిపోయాడు.

"నీ చెయ్యి పడితే చాలయ్యా, సెకను తేడా రాదు! ఎదురు షాపులో కొత్తది కొని చూశాను. శుద్ధ దండగ."

మామూలుగా అయితే ఈ మాటకి నాన్న ఉబ్బిపోయి, ఎదురు షాపు మీద అరగంట ఉపన్యాసం దంచేవాడు. "అవి వాచీలా? బొమ్మలు!" అన్నది ఆయన ఊతపదం. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా ఆ షాపు గడప తొక్కలేదు. ఇవాళ మాత్రం "ఏదో మీ అభిమానం" అని ఊరుకున్నాడు.

డ్రైవరు వెళ్ళాక భూతద్దం తీసి పక్కన పెట్టాడు. కంటి చుట్టూ గుండ్రంగా ఎర్రటి గుర్తు పడింది.

"ఒక్కసారి రాయి తల్లీ. నా కోసం."

ఆమె ఆ గుర్తు వంక చూసింది. తన చదువంతా ఈ బల్ల చివరే సాగింది. లెక్క తెగక ఏడుపు మొహం పెడితే, ఆయన పని ఆపేసి, రెండు పళ్ళ చక్రాలు అరచేతిలో పెట్టి తిప్పించి చూపేవాడు. వాచీల కోసం వచ్చినవాళ్ళు ఎంత తొందరపెట్టినా "మా అమ్మాయి లెక్క అయ్యాక" అనేవాడు. యంత్రాల చదువు మీద పిచ్చి పట్టింది ఆ చక్రాలు చూసే. ఈయనే లేకపోతే ఆ మూడు మార్కులు కాదు, అసలు మార్కులే లేవు. ఈయన కడితే ఆగిపోయిన వాచీ అయినా కట్టుకుని వెళతాను అనుకుంది. టైము మనసులోనే లెక్కపెట్టుకుంటే సరి.

ఫోన్ అందుకుని బటన్ నొక్కేసింది.

"రాస్తాను. కానీ ఆ రోజు వాచీ నువ్వే కట్టాలి."

నాన్న సొరుగు లాగి, చిన్న డబ్బా ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. లోపల తళతళలాడే వాచీ. మళ్ళీ ఆయన చేసిందే అనుకుంది. అయినా మొహం నిండా నవ్వు తెచ్చుకుంది.

"భలే ఉంది నాన్నా! ఇది కూడా నువ్వే చేశావా?"

నాన్న తల అడ్డంగా ఊపి, వీధి అవతలికి చూశాడు.

"ఎదురు షాపులో కొన్నాను తల్లీ. దీని మీద నా చెయ్యి పడలేదు."