పికిలిపిట్టకు సన్మానం

తెల్లవారుజామున పికిలిపిట్ట పాడితేగాని ఆ అడవి నిద్రలేచేది కాదు. ఆ ఏడు కరువొచ్చి, ఆకలికి దాని గొంతు పూడుకుపోసాగింది. ఉండబట్టలేక రాజైన ఏనుగు దగ్గరికి వెళ్లి, "అయ్యా, తమ గాదెలోంచి రోజుకు నాలుగు రేగుపళ్లు ఇప్పిస్తే పాడుకుంటూ పడుంటాను" అంది.

"ఎంతమాట! కళను పోషించకపోతే ఇక మేమెందుకు?" అని ఏనుగు కళ్లు తుడుచుకుని, సన్మానసభకు ఉత్తరువిచ్చింది.

గాదెలోని పళ్లన్నీ బుట్టలకెత్తి వక్తల ముందు పెట్టారు. ఎలుగుబంటి పొద్దు వాలేదాకా మాట్లాడింది. దానికి సంగీతమంటే ప్రాణం. వినడానికే పాపం, ఏనాడూ తీరిక చిక్కలేదు. పిట్టకు మోదుగాకుల శాలువా కప్పారు. ఆ బరువుకు కుంగిపోయి, అది బుట్టల వైపే చూస్తూ కూర్చుంది.

"రెండు పళ్లు..." అని గొణిగింది.

"ఉండవమ్మా, ఇంకా వందన సమర్పణ ఉంది" అంది నక్క, చివరి పండు నములుతూ.

మర్నాడు అడవి బారెడు పొద్దెక్కాక లేచింది. పిట్ట నోరు తెరిస్తే గాలి తప్ప పాట రాలేదు.

"అయ్యో, అంతటి విద్వాంసురాలికి ఎంత కష్టమొచ్చింది!" అంది ఏనుగు. "వెంటనే ఇంకో సన్మానం ఏర్పాటు చేయండి. ఈసారి శాలువా కాస్త పెద్దది చూడండి."