ఫస్టు గ్రూపు సీటు

"ఐదు వందలకు నాలుగు వందల డెబ్బై ఒకటి! ఈ మార్కులకు ఫస్టు గ్రూపు ఇయ్యకపోతే ఇంకెవరికిచ్చేది?" హెడ్మాస్టరు లోకనాథన్ పదో తరగతి మార్కుల పత్రాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో తట్టారు.

ఉష కుర్చీ అంచున తల వంచుకుని కూర్చుంది. చున్నీని మెడ దాకా పిన్ను పెట్టి బిగించుకుంది. పక్కన ఆమె మేనమామ జయరామ. పొద్దున్నే పెరియంపట్టిలో బస్సెక్కి ఇద్దరూ ధర్మపురి వచ్చారు. ఆ తమిళ ఊళ్లో హెడ్మాస్టరు ఇంట్లోనూ తెలుగే అని తెలిశాక జయరామకు కాస్త ధైర్యం వచ్చింది.

"అమ్మానాన్నా?"

"లేరు సార్. నేనే చూసుకొంటా ఉండాను. ఇంట్లో మా అమ్మ, నేను, ఈ పాప. అంతే."

గార్డియన్ అన్న చోట ఆయన జయరామ పేరు రాసుకున్నారు.

"ఇంక రెండు దారులు. కంప్యూటర్ గ్రూపయితే ఇంటి నుంచి వచ్చి పోవచ్చు. లెక్కలు గట్టిగానే ఉంటాయి, అయినా నాలుగున్నరకు వదిలేస్తాము. ఫస్టు గ్రూపంటే లెక్కలతోపాటు బయాలజీ, పైన ఎంట్రన్సు కోచింగు. హాస్టల్లో ఉండి తీరాల. రెండేండ్లు పండగకు కూడా పంపను. నీకేది కావాల పాపా?"

"ఫస్టు గ్రూపు సార్. డాక్టరు కావాల." ఆ ఒక్క మాటకు ఉష తల పైకెత్తింది.

జయరామ గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మకు కండ్లు ఆనవు సార్. వంటకు ఈ పాపే..."

"ఫీజు నేను మాఫీ చేయిస్తా. వంటకు ఎవర్నన్నా పెట్టుకో. నీ సంగటి ముద్ద కోసం ఒక డాక్టర్ని పోగొట్టుకొందామా?"

జయరామ కిటికీ వైపు తిరిగాడు.

"సరే సార్. చదవనీ."

ఉష ముఖం వెలిగింది. ఫస్టు గ్రూపు అని రాసి పెన్ను మూత పెడుతూ హెడ్మాస్టరు ఆమె కాళ్ల వైపు చూశారు.

"ఇంకా బడే తెరవలేదు. ఈ ఎండలో అప్పుడే బూట్లూ మేజోళ్లూనా! డాక్టరమ్మ తయారై వచ్చిందే."

"మామ కొనిచ్చినాడు సార్."

"హాస్టల్లో అవి పనికిరావు తల్లీ. గడప దాటితే అందరూ వట్టి కాళ్లే. చదివే హాలు, భోజనం, గది, అంతా."

"మేజోళ్లన్నా వేసుకోకూడదా సార్?"

"కూడదు. మా వార్డెనమ్మ కాలి గోళ్లు కూడా చూస్తాది."

ఉష పాదాలను కుర్చీ కిందికి లాక్కుంది.

"కంప్యూటర్ గ్రూపు రాయండి సార్."

"ఏందీ? బూట్ల కోసమా?" ఆయన గొంతు మారిపోయింది. "ముప్పై ఏండ్ల సర్వీసు నాది. బూట్ల మోజుకు డాక్టరు చదువు వదులుకొనేదాన్ని నిన్నే చూస్తా ఉండా!"

ఆయన రాసింది కొట్టేసి, విసురుగా మళ్లీ రాశారు.

బస్టాండులో సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాక జయరామ మెల్లగా అన్నాడు.

"తీసి పెట్టెలో దాచుకొని ఉండొచ్చు కదా పాపా. ఎవరికి తెలుస్తాది?"

"అవ్వ ఒట్టు వేయించుకునింది. తీస్తే నీకు కీడంట."

అతను బస్సు చూసొస్తానని లేచిపోయాడు.

కొత్త బూటు కరిచిన చోట మంటగా ఉంటే, అటూ ఇటూ చూసి, ఉష ఎడమ కాలి మేజోడు లాగింది.

రెండో వేలికి వెండి మెట్టె.