మూడు నిమిషాల మౌనం

అరగంటకోసారి మూడు నిమిషాల పాటు సముద్రం మీది రేడియోలన్నీ నోరు మూసుకుంటాయి. దేశాలన్నీ కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. ఆ నిశ్శబ్దంలో మునిగిపోతున్నవాడి గొంతు ఎంత సన్నగా వచ్చినా ఎవరో ఒకరి చెవిన పడాలని.

అడ్రియాటిక్ సముద్రంలో ఒక దీవి కొసనున్న రేడియో స్టేషన్‌లో ఫ్రానే ఆ మౌనాన్ని వినీ వినీ విసిగిపోయాడు. పగటి డ్యూటీ మీద రాత్రి డ్యూటీ. కళ్ళు మండుతున్నాయి. గోడ గడియారంలో ఆ మూడు నిమిషాలకు గుర్తుగా ఎర్రరంగు పూసిన చోటును ముల్లు ఎప్పుడో దాటింది. అయినా ఒక్క ఓడా మాట్లాడలేదు.

"యాకొవ్ బాబాయ్, టైమైపోయిందిగా. ఎవరూ నోరు విప్పరేం?"

"నిద్రపోయుంటారు, అదృష్టవంతులు," స్టేషన్‌లో తనకు తోడున్న ఒకే ఒక్క మనిషి, ఆ ముసలాయన, వెనకాల స్టవ్ దగ్గర కాఫీ కాస్తూ గొణిగాడు. "నీ రేడియో డబ్బాకి ఒక్కటి తగిలించరా."

తగిలించాడు. గరగర తప్ప ఏమీ లేదు. చివరికి మైకు మీట నొక్కి, "ఓడలన్నీ ఎందుకు ఊరుకున్నాయి?" అని అడిగాడు.

దగ్గర్లో ఉన్న ఓడ నుంచి కోపంగా జవాబొచ్చింది. "అడ్డు రాకండి! ఎవరో కాపాడమని ఏడుస్తున్నాడు. అందరం వింటున్నాం. మీకు వినబడటం లేదా?"

"లేదు. ఏ ఓడ?"

ఓడ నుంచి జవాబు ఈసారి మెల్లగా వచ్చింది.

"ఓడ కాదు. మీ స్టేషన్ పేరే చెబుతున్నాడు. ఇద్దరం ఉండేవాళ్ళం, నేనొక్కణ్ణే మిగిలానంటున్నాడు."

ఫ్రానే వెనక్కి తిరగలేదు. వెనకాల కప్పులో కాఫీ పోస్తున్న చప్పుడు మాత్రం ఆగిపోయింది.